తీగ ఎవరు తెంపారు? కోనసీమ మూగబోయిన మూడు సందర్భాలు

ఈ ఎపిసోడ్‌లో మా కోనసీమకు బయటి ప్రపంచంతో మాట తెగిపోయిన మూడు సందర్భాల గురించి చెబుతాను. 1942, 1996, 2022. మొదటిసారి తెంపమన్నది ఉద్యమ నాయకులు. రెండోసారి తెంపింది తుపాను. మూడోసారి ప్రభుత్వం. అయితే ఆ తీగ మీద ఎవరి బతుకు ఆధారపడి ఉంది అన్నది ఈ ఎనభై ఏళ్ళలో పూర్తిగా మారిపోయింది. నేను చెప్పదలుచుకున్నది అదే.

ఒకసారి మ్యాపు చూడండి. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద బంగాళాఖాతం. చుట్టూ నీళ్ళే. మనిషి దాటాలంటే పంటో, వంతెనో కావాలి. మాట దాటాలంటే తీగ చాలు.

ముందు 1942. క్విట్ ఇండియా తీర్మానం ఇంకా రాకముందే ఆంధ్ర కాంగ్రెస్ సంఘం నుంచి జిల్లాలకు ఒక రహస్య సర్క్యులర్ వెళ్ళింది. చరిత్రలో దాన్ని ఆంధ్ర సర్క్యులర్ అంటారు, కర్నూలు సర్క్యులర్ అని కూడా అంటారు. అప్పుడు ఆ సంఘం కార్యదర్శి కళా వెంకటరావు గారు. ఎక్కడి వారో తెలుసా? మన అమలాపురం తాలూకా ముక్కామల. టెలిగ్రాఫ్, టెలిఫోన్ తీగలు తెంపడం ఆ సర్క్యులర్‌లో ఒక కార్యక్రమం. రైలు పట్టాలు తీయకూడదు, ప్రాణహాని జరగకూడదు అన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. అంటే మనుషులకు దెబ్బ తగలకుండా ప్రభుత్వాన్ని కుంటిదాన్ని చెయ్యాలన్న ఆలోచన.

అప్పట్లో అది సాధ్యమే. ఎందుకంటే ఆ తీగ ప్రధానంగా దొరతనానిది. కలెక్టరుకు, పోలీసుకు, రైల్వేకు కావలసింది. మామూలు ఇంటికి టెలిగ్రాం రావడమే అరుదు. వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేది, ఎవరో పోయారని. తీగ తెగితే ఆఫీసు మూగబోయేది కానీ ఊళ్ళో పొయ్యి ఆరేది కాదు.

ఇక్కడ ఒక చట్టం గుర్తు పెట్టుకోండి. 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. అందులో 25వ సెక్షన్ ప్రకారం కావాలని తీగ పాడుచేస్తే మూడేళ్ళ దాకా జైలు. అదే చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం అత్యవసర పరిస్థితి అంటూ సందేశాలను ఆపే అధికారం ప్రభుత్వానికి ఉండేది. మనం ఆపితే నేరం, వాళ్ళు ఆపితే పరిపాలన. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు గానీ ఈ ఏర్పాటు మాత్రం ఉండిపోయింది.

రెండోది 1996 నవంబరు 6 రాత్రి. ఆ తుపాను గురించి మా ప్రాంతంలో పెద్దవాళ్ళని ఎవరిని అడిగినా చెబుతారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. స్తంభాలు పడిపోయి కరెంటూ, టెలిఫోనూ పోయాయి. దేశంలో మొబైల్ వచ్చి అప్పటికి ఏడాది పైనే అయినా అది మహానగరాల ముచ్చట. మన వాళ్ళు బతికున్నారో లేదో తెలియాలంటే మనిషే నడిచి రావాలి. ఆ రాత్రి తీగ విలువ ఆఫీసులకే కాదు, ఇళ్ళకూ తెలిసొచ్చింది.

ఇక మూడోది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి, పోలీసులు గాయపడ్డారు. వాట్సాప్ గ్రూపుల ద్వారా జనాన్ని కూడగట్టారని పోలీసులు చెప్పారు. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు.

ప్రభుత్వం వాదనను కొట్టిపారేయలేం. ఒక పుకారు ఇంకో ఇంటిని తగలబెట్టగలదు. దళితవాడల్లో ఆ రోజుల్లో ఉన్న భయం నిజం. కానీ ఆగింది పుకారు ఒక్కటేనా? ఇంట్లో కూర్చుని పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు పోయారు. అవతల ఒడ్డున యానాం, అది పుదుచ్చేరిలో భాగం. ఆంధ్ర ప్రభుత్వ ఆర్డరు నది దాటదు, టవర్ సిగ్నల్ మాత్రం దాటుతుంది. కూరగాయల బండి దగ్గర ఫోన్‌తో డబ్బు కట్టడం ఆగిపోయింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లికి పిల్లల ముఖం కనబడేది వీడియో కాల్‌లోనే. ఆవిడ ఏ గొడవలోనూ లేదు కదండీ!

ఇదే పని యుద్ధంలో చేస్తే ఎలా ఉంటుందో ఇథియోపియా చూపించింది. 2020 నవంబరులో టిగ్రే ప్రాంతంలో యుద్ధం మొదలవగానే ఫోన్లు, ఇంటర్నెట్ తెగిపోయాయి. దేశమంతటికీ అప్పుడు ఉన్నది ఒక్కటే ప్రభుత్వ కంపెనీ, ఇథియో టెలికాం. బ్యాంకులు కూడా చాలాకాలం మూతపడ్డాయి. 2022 నవంబరు 2న ప్రిటోరియాలో ఒప్పందం కుదిరేదాకా, రెండేళ్ళ పాటు, లక్షల మందికి సొంతవాళ్ళ క్షేమం తెలియలేదు. మన రెండు వారాలనీ వాళ్ళ రెండేళ్ళనీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. కానీ మీట మాత్రం అలాంటిదే.

మరి మీటకు తాళం లేదా? కొంత ఉంది. 2020 జనవరి 10న, కశ్మీర్ విషయంలో వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆర్డర్లు ప్రచురించాలని, అవసరానికి మించి ఉండకూడదని చెప్పింది. ఆ ఏడాదే ఒక్కో ఆర్డరుకు 15 రోజుల గరిష్ఠ గడువు పెట్టారు. 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. ఆపే అధికారం అందులోనూ ఉంది.

1942లో తీగ తెంపితే దెబ్బ ప్రభుత్వానికి. ఇప్పుడు తెంపితే దెబ్బ కూలికి, వ్యాపారికి, చదువుకునే పిల్లకి. అందుకే నా మాట ఇది: గొడవ జరిగిన వీధికీ, ఆ కొద్ది గంటలకీ ఆర్డరు ఇవ్వండి. ఎందుకో రాసి ఊరికి చూపించండి. జిల్లా మొత్తాన్ని వారాల తరబడి ఆపడం అంటే, తప్పు చెయ్యనివాళ్ళకు కూడా శిక్ష వెయ్యడమే.

ఆ రెండు వారాలు మీరు ఎలా గడిపారో కింద రాయండి. ఇలాంటివి ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే చరిత్రలో మిగలవు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.