నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే జెట్ స్కీ ఎక్కొచ్చు? ఈ లెక్క వెనక వందేళ్ల కథ

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే చాలు, అమెరికాలో, కెనడాలో చదువుకుంటున్న మనవాళ్ల దగ్గర నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, లాంగ్ వీకెండ్‌కి లేక్ ప్లాన్ చేశాం, జెట్ స్కీ బుక్ చేస్తున్నాం, నీళ్లు ఓకేనా?" అని. బయట ఎండ బాగానే ఉంటుంది, టీషర్ట్ వేసుకుని తిరగొచ్చు. ఇంక డౌట్ ఎందుకు అనిపిస్తుంది. కానీ ఈ చిన్న ప్రశ్నకి జవాబు మనుషులకి ఊరికే దొరకలేదు. దశాబ్దాలు పట్టింది, వేల ప్రాణాలు పోయాయి. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

ముందు బండి సంగతి. జెట్ స్కీ అనేది నిజానికి ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఫోటోకాపీ అంతా మనకి జిరాక్స్ అయిపోయినట్టే ఇదీ. 1960ల్లో క్లేటన్ జాకబ్సన్ అనే అమెరికన్ మోటోక్రాస్ రైడర్‌కి నీళ్ల మీద నడిచే బైక్ తయారు చేయాలనిపించింది. 1968లో బొంబార్డియర్ కంపెనీ ద్వారా సీ-డూ వచ్చింది గానీ అప్పట్లో నిలబడలేదు. తర్వాత 1970ల మొదట్లో కవాసకి ఆయన ఆలోచనతోనే జెట్ స్కీ తెచ్చింది. అది నిలబడి నడిపే బండి. పడుతూ లేస్తూ నేర్చుకోవాల్సిందే. ఇక్కడే అసలు పాయింట్ ఉంది. పడవలో వెళ్లేవాడు నీళ్లలో పడితే అది ప్రమాదం. జెట్ స్కీ ఎక్కినవాడు నీళ్లలో పడటం మామూలు సంగతి. కాబట్టి బయట ఎంత ఎండ ఉందని కాదు, పడితే ఎలాంటి నీళ్లలో పడతాం అని అడగాలి.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1912 ఏప్రిల్ 15. టైటానిక్ మునిగింది, దాదాపు 1,500 మంది చనిపోయారు. సినిమా మనందరం చూశాం. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ రాత్రి సముద్రం ప్రశాంతంగా ఉంది. నీళ్లలో పడ్డవాళ్లలో చాలామందికి లైఫ్ బెల్టులున్నాయి. కార్పతియా ఓడ రెండు గంటల్లోపే అక్కడికి చేరుకుంది. అయినా తేలుతున్నవాళ్లు తేలుతూనే చనిపోయారు. నీళ్ల ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 2 డిగ్రీలు. చంపింది నీళ్ల లోతు కాదు, చల్లదనం. కానీ ఆ రోజుల్లో సముద్రంలో పోయినవాళ్లంటే "మునిగి పోయారు" అనే లెక్క తప్ప వేరే లెక్క పెద్దగా లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు వరసగా మునిగిపోతుంటే అప్పుడు ప్రభుత్వాలు కళ్లు తెరిచాయి. ఏ నీళ్లలో మనిషి ఎన్ని గంటలు బతుకుతాడు? 1946లో మోల్నార్ అనే శాస్త్రవేత్త, ఓడలు మునిగి బతికి బయటపడ్డ నావికుల వివరాలన్నీ పెట్టుకుని, నీళ్ల ఉష్ణోగ్రతకీ బతికే సమయానికీ ఉన్న సంబంధాన్ని గ్రాఫ్‌గా గీశాడు.

ఇదే ప్రశ్నకి ఇంకో చోట చాలా దారుణంగా జవాబు వెతికారు. 1942, 43ల్లో నాజీ వైద్యులు దఖావ్ శిబిరంలోని ఖైదీలని మంచు నీళ్ల తొట్టెల్లో గంటల తరబడి ఉంచారు. సుమారు 300 మంది మీద ఈ ప్రయోగాలు చేస్తే, 80 మందికి పైగా చనిపోయారు. యుద్ధం అయ్యాక న్యూరెంబర్గ్‌లో జరిగిన వైద్యుల విచారణలో ఇది బయటికొచ్చింది. "సరే, ఘోరమే, కానీ సైన్స్‌కి పనికొచ్చింది కదా" అని కొంతమంది అంటుంటారు. అది కూడా నిజం కాదు. 1990లో రాబర్ట్ బర్గర్ అనే అమెరికన్ డాక్టర్ ఆ రికార్డులు పరిశీలించి, లెక్కలు పొంతన లేకుండా ఉన్నాయి, వాటిని నమ్మడానికి లేదు అని తేల్చాడు. ఆ మనుషుల ప్రాణాలు దేనికీ పనికిరాకుండానే పోయాయి.

తర్వాత 1963 డిసెంబర్. లకోనియా అనే టూరిస్ట్ ఓడ మదీరా దీవుల దగ్గర తగలబడింది. 128 మంది చనిపోయారు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో తెలుసా? సుమారు 18 డిగ్రీలు. మనం ఏసీని 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంటాం కదా, అదే నంబర్! కానీ నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. విలియం కీటింగ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ దుర్ఘటనని పరిశీలించి, అక్కడ కూడా ఎక్కువమందిని తీసుకెళ్లింది చలే అని చూపించాడు. 18 డిగ్రీలంటే "పర్లేదు" అనుకోవడం అప్పటి నుంచీ కుదరదు.

ఇక్కడిదాకా అందరి దృష్టీ గంటల మీదే ఉంది. అసలు ప్రమాదం మొదటి నిమిషంలోనే ఉందని 1980ల్లో తేలింది. బ్రిటిష్ నేవీ డాక్టర్ ఫ్రాంక్ గోల్డెన్, ఆ తర్వాత మైక్ టిప్టన్ దీని మీద గట్టిగా పనిచేశారు. చలికాలం తెల్లవారుజామున మొదటి చెంబు చన్నీళ్లు పోసుకోగానే "హా" అని ఊపిరి ఎగబీలుస్తాం చూడండి, కార్తీక స్నానం చేసినవాళ్లకి బాగా తెలుసు. దాన్నే కోల్డ్ షాక్ అంటారు. బాత్రూంలో అయితే నవ్వుకుంటాం. అదే ఊపిరి తల నీళ్లలో ఉన్నప్పుడు పీలిస్తే? గాలికి బదులు నీళ్లు లోపలికి పోతాయి. ఎంత గజ ఈతగాడైనా దాన్ని ఆపలేడు, ఎందుకంటే అది మన చేతిలో లేని రిఫ్లెక్స్.

కెనడాలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ దీన్నంతా గుర్తుండేలా ఒక్క ముక్కలో చెప్పాడు: 1-10-1. బాగా చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులూ కాళ్లూ మన మాట వినేది 10 నిమిషాలు. స్పృహ తప్పడానికి 1 గంట. ఇప్పుడు జెట్ స్కీ నుంచి పడ్డ మనిషిని ఊహించుకోండి. బండి దూరంగా వెళ్లి ఆగింది. దాని దాకా ఈదాలి, పట్టుకుని పైకెక్కాలి. అంతా ఆ 10 నిమిషాల్లోనే జరగాలి. ఆ తర్వాత వేళ్లు హ్యాండిల్‌ని పట్టుకోలేవు. లైఫ్ జాకెట్ లేకపోతే ఆ గంట కూడా మిగలదు.

దీనికి విరుగుడు కూడా యుద్ధం తర్వాతే వచ్చింది. అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన హ్యూ బ్రాడ్నర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1950ల మొదట్లో వెట్‌సూట్ తయారు చేశాడు. ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదు, నియోప్రీన్ రబ్బరులో ఉన్న బుడగలు వేడిని బయటికి పోనివ్వకపోతే చాలు అన్నది ఆయన కనిపెట్టిన కిటుకు.

సరే, మరి లెక్కేంటి? అమెరికాలో "120 రూల్" అని ఒకటి చెప్తారు. గాలి, నీళ్ల ఉష్ణోగ్రతల్ని ఫారెన్‌హీట్‌లో కూడితే 120 దాటాలి అని. దీన్ని నమ్మకండి. గాలి 77, నీళ్లు 45 అనుకోండి. 122 వచ్చింది, పాస్! కానీ ఆ 45 అంటే 7 డిగ్రీల సెల్సియస్. గాలి ఎంత వెచ్చగా ఉన్నా ఆ నీళ్లు చంపగలవు. వసంతంలో మోసం ఇదే. గాలి వారంలో వేడెక్కుతుంది, పెద్ద లేక్ వేడెక్కడానికి నెలలు పడుతుంది. మే నెలలో కూడా లేక్ సుపీరియర్ మధ్యలో నీళ్లు 4 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

నేను చెప్పేది ఇదీ. నీళ్లు 21 డిగ్రీలు, అంటే 70 ఫారెన్‌హీట్ దాటితే లైఫ్ జాకెట్‌తో వెళ్లండి. 15 నుంచి 21 మధ్య ఉంటే వెట్‌సూట్ లేకుండా వద్దు. 15 కంటే తక్కువైతే కోల్డ్ షాక్ ఉగ్రరూపంలో ఉంటుంది. మొదటిసారి నడిపేవాళ్లు ఆ రోజు ఒడ్డునే బిర్యానీ తినండి. నీళ్ల ఉష్ణోగ్రత తెలుసుకోవడం కూడా కష్టమేం కాదు. అమెరికాలో అయితే నోవా సంస్థ బోయ్‌ల రీడింగులు ఫోన్‌లోనే ఫ్రీగా కనిపిస్తాయి.

వైజాగ్ రుషికొండలో ఈ గొడవ లేదు. అక్కడ సముద్రం చలికాలంలో కూడా 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే మనకి చన్నీళ్ల భయం చిన్నప్పటి నుంచి అలవాటు కాలేదు. నీళ్ల లోతు చూసి దిగమని మన పెద్దవాళ్లు నేర్పారు. చలి దేశానికి వెళ్లాక లోతుతో పాటు డిగ్రీలు కూడా చూడండి. ఈ వీడియోని లేక్ ప్లాన్ వేస్తున్న మీ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే పెట్టేయండి. మళ్లీ కలుద్దాం.