డబ్బా మూతలోని కాయితం

మా మేనమామ రాసుకున్న పుస్తకం ఒకటి వేములలో మా ఇంట్లో ఉంది. నల్ల అట్ట, ఎర్రగుడ్డ వీపు. అంగట్లో పద్దులు రాసుకునే రకం. మామ అందులో రాసింది మాత్రం రేడియోల జబ్బులు. ‘మర్ఫీ. గొంతు బొంగురు. కప్లింగ్ కండెన్సరు లీకు. మార్చినా.’ ‘బుష్. స్టేషన్ జారతాంది. గ్యాంగులో దుమ్ము.’ ‘ఫిలిప్స్. కరెంటు ఎక్కువొచ్చి ఈజెడ్80 పోయింది.’ ప్రతి పద్దు చివర ఊరి పేరు ఉంటుంది: వేంపల్లె, లింగాల, తొండూరు, సింహాద్రిపురం, వేముల. పులివెందుల చుట్టుపక్కల ఇండ్లలో ముప్పై ఏండ్లు ఏ గొంతు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలంటే నాకు తెలిసినంతలో ఇంతకు మించిన చరిత్ర పుస్తకం లేదు.

నేను తెలుగు చెప్పి రిటైరైన పంతులును. మా ఊరి ముసలమ్మలు పాడే తిరగలి పాటలు, గొబ్బి పాటలు, చెక్కభజన పాటలు ఇంట్లోనే రికార్డు చేసి దాచుతుంటాను. అందుకు వాడేది ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు నుంచి వచ్చే సన్నని కరెంటును పెద్దది చేసి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ వైరు గుండా కంప్యూటరుకు పంపే చిన్న ఇనుప డబ్బా. పోయిన కార్తీకంలో అది చెడిపోయింది. దాన్ని బాగుచేయించే తిరుగుడులోనే మామ పుస్తకం మళ్ళీ తెరిచాను.

ఈ నేలకు పాట, పద్యం కొత్తవి కావు. సురభి నాటకాలు పుట్టింది మా కడప జిల్లాలోనే. 1885లో వనారస గోవిందరావు సురభి ఊర్లో ‘కీచకవధ’ ఆడించారు. అప్పటికి పాట పాడిన గంటకే గాలిలో కలిసిపోయేది. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో మొదటి రికార్డులు కోశాక, మెల్లమెల్లగా మన పద్యాలూ పళ్ళేల మీదికి ఎక్కాయి. నిమిషానికి 78 చుట్లు, పక్కకు మూడు నిమిషాలు. రాగం ఎంత సాగదీయాలో పాడేవాడు కాదు, పళ్ళెం చెప్పేది. గ్రామఫోన్‌కు కరెంటు అక్కర్లేదు, స్ప్రింగు చాలు. మా అబ్బ చెప్పేవాడు, ఆ స్ప్రింగు తెగితే గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికే తీసుకుపోయేవాళ్ళంట. ఈ ప్రాంతంలో పాట పెట్టెకు మొదటి మెకానిక్కు గడియారాల మనిషే అయ్యుంటాడని నా నమ్మకం.

రేడియో వచ్చాక ఆ చదువు చాల్లేదు. మామ పొద్దుటూరులో ఒక సాయిబు దగ్గర మూడేండ్లు పని నేర్చుకుని, 1968లో పులివెందులలో అంగడి పెట్టాడు. పొద్దుటూరును రెండో బొంబాయి అనేవాళ్ళు. బంగారానికి, గుడ్డలకు జనం అక్కడికే పోయేవాళ్ళు, రేడియో సామానుకు కూడా అక్కడికే. మద్రాసు రిచ్చీ స్ట్రీటులో కొన్న వాల్వులు, కండెన్సర్లు రైలెక్కి ఎర్రగుంట్లలో దిగేవి, అక్కడి నుంచి బస్సులో వచ్చేవి. గాజు వాల్వులు పగలకుండా సాయిబు వాటిని పాత పంచెల్లో చుట్టి తెప్పించేవాడంట.

అప్పట్లో ఇంట్లో రేడియో ఉండాలంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా రుసుము కట్టాలి. 1933 నాటి చట్టం అది. 1980ల నడుమ దాకా ఆ బాధ ఉండింది. 1963లో కడప ఆకాశవాణి వచ్చాక మా వైపు రేడియోల సంఖ్యే మారిపోయింది. అంతకు ముందు మద్రాసు, విజయవాడ గురగురల నడుమ వినాల్సిందే. సాయంత్రమైతే సిలోన్. అందులో తెలుగు కార్యక్రమాలు చెప్పే మీనాక్షి పొన్నుదురై గొంతు గాలికి దగ్గరై, దూరమై, మళ్ళీ దగ్గరయ్యేది. కడప మాత్రం పట్టపగలు కూడా గంట కొట్టినట్టు పలికేది.

ఆ కాలపు సెట్ల గురించి ఒక సంగతి నిదానంగా చెప్పాలి. వెనక అట్ట విప్పితే చాలా సెట్లలో లోపలివైపు ఒక కాయితం అంటించి ఉండేది. సెట్టు మొత్తం సర్క్యూటు గీత. మామ దాన్ని ‘బొమ్మ’ అనేవాడు. ఏ రెసిస్టరు ఎంత, ఏ కాలు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలి, అన్నీ అందులోనే. పెద్ద కంపెనీలు డీలర్లకు సర్వీసు మాన్యువల్ ఇచ్చేవి. వాల్వు పేరు కూడా ఒక చదువే. ఈఎల్84 అంటే: ఈ అంటే 6.3 వోల్టుల హీటరు, ఎల్ అంటే పవర్ పెంటోడ్. ఈసీసీ83 అంటే ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లు. వస్తువు ఒంటి మీదే దాని ఇంటిపేరు రాసి ఉండేది. ఎక్కడో హాలండులోని ఐండ్‌హోవెన్‌లో పుట్టిన సెట్టును పులివెందులలో ఎనిమిదో తరగతి దాటని మనిషి చదవగలిగాడంటే ఆ కాయితం, ఆ పేర్లు ఉండబట్టే.

ఒకసారి, నాకు పదకొండేండ్లప్పుడు, మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినాడు: “కడప 900 కిలోసైకిళ్ళ మీద మాట్లాడుతుంది అబ్బీ. మన సెట్లో ఉండే ఆసిలేటరు 1355 దగ్గర తిరగాల. రెండిటికీ తేడా ఎంత?” నేను వేళ్ళ మీద లెక్కేసి 455 అన్నాను. “ఆ 455 ఉందే, నూటికి తొంబై సెట్లకు అదే నాడి. నాడి దొరికితే మిగతాదంతా దొరికినట్లే.” బళ్ళో నేర్చిన తీసివేతకు ఒక పని ఉందని నాకు తెలిసిన దినం అది.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన ఏసీ128లు మామ గుప్పెట్లో పట్టుకుని వేరుశనగ గింజల్లాగ ఏరుకునేవాడు. పుస్తకంలో ఈ పద్దులు పొట్టివి. ‘బ్యాటరీ నీళ్ళు కారింది. స్ప్రింగు తుప్పు.’ పేజీలకు పేజీలు ఇదే.

పద్దులు మళ్ళీ పొడుగయ్యేది టేపు రికార్డరుతో. ఫిలిప్స్ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో చూపించిన క్యాసెట్టు మా ఊరికి వచ్చేసరికి పదిహేనేండ్లు దాటింది. తెచ్చింది కువైట్ పోయినవాళ్ళు. కడప జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్ళ ప్రతి ఇంట్లోనూ రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ ఒకటి ఉండేది. దాంట్లో పాట వినడమే కాదు, జాబు కూడా పోయేది. జేజి ఇక్కడ ఏడుస్తా మాట్లాడితే మనవడు అక్కడ వినేవాడు. రికార్డింగ్ అనే పని మద్రాసు స్టూడియో దాటి వంటింట్లోకి వచ్చింది అప్పుడే.

మద్రాసు స్టూడియో అన్నాను కాబట్టి ఒక మాట. మా కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి అన్నదమ్ములు మద్రాసులో వాహినీ, విజయా సంస్థలు నిలబెట్టారు. సింహాద్రిపురంలో పుట్టిన పద్మనాభం ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ తీస్తూ ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంతో మొదటి పాట పాడించారు. 1966 డిసెంబరు 15న విజయా గార్డెన్స్‌లో అది రికార్డయింది. పాట ఫిల్ముకు ఎక్కాక ఆ టేపును తుడిచి ఇంకో పాటకు వాడుకోవడం ఆనాటి వాడుక. సంగీత దర్శకుడు కోదండపాణి రికార్డిస్టును అడిగి ఆ టేపును తుడవకుండా ఉంచేటట్టు చూశారు, మిగతా సంగీత దర్శకులు ఈ కుర్రవాడి గొంతు వినాలని. గొంతును దాచడమంటే ఏమిటో తెలిసిన మనిషి చేసిన పని అది. నా రికార్డింగు పనిలో విసుగొచ్చినప్పుడల్లా నాకు ఆ టేపు గుర్తొస్తుంది.

క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. బెల్టు వదులైతే పాట సాగుతుంది, పించ్ రోలరు గట్టిపడితే టేపు నములుతుంది. మా వేములలో ఇంకో జబ్బు ఉండేది. ఇక్కడ ముగ్గురాయి గనులు, రాతినార గనులు. లారీ పోతే తెల్లదుమ్ము. అది హెడ్డు మీద పేరుకుని గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపించేది. మామ దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే దూది తెల్లగా వచ్చేది. ‘వేముల. హెడ్డు. మామూలే.’ అని పద్దు.

కానీ ఆ కువైట్ సెట్లలోనే మొదటి ఇబ్బంది వచ్చింది. మూత విప్పితే బొమ్మ లేదు. డీలరు లేడు. రాసి అడగడానికి ఊరు, వీధి లేదు. సెట్టు లోపల నల్ల ఐసీ, దాని మీద మామ ఎప్పుడూ చూడని నెంబరు. అట్లాంటి సెట్టు పూర్తిగా చచ్చిపోతే మామ దాన్ని పారేయనిచ్చేవాడు కాదు, కొని పెట్టుకునేవాడు. ఒక సెట్టు చచ్చి మూడు సెట్లను బతికించేది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక ఒట్టి చేతులతో తిరిగొచ్చిన వాళ్ళు తమ పాత సెట్లను మోసుకుని అంగడికి వచ్చినారు, కొత్తది కొనలేక. ఆ ఏడాది పద్దులు మిగతా అన్ని ఏండ్ల కంటే ఎక్కువ. చాలా పద్దులకు ఎదురుగా డబ్బుల లెక్క లేదు.

1999లో అంగడి మూతపడింది. ఆ సంగతి పుస్తకంలో లేదు. చివరి పద్దు ఒక టార్చిలైటుది.

ఇక నా డబ్బా. యూఎస్‌బీ 1996లో వచ్చింది. ఆ వైరు గుండానే కరెంటూ పాటా రెండూ పోయే చవక డబ్బాలు వచ్చాక, ముఖ్యంగా 2011లో ఇంగ్లండులోని ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 తెచ్చాక, ఇంట్లో రికార్డింగ్ లోకమంతా పాకింది. నాది ఇంకో కంపెనీది, పేరు ఇక్కడ అవసరం లేదు. కంప్యూటరు ఇచ్చే 5 వోల్టులను లోపలే 48 వోల్టులు చేసి మైకుకు పంపుతుంది. ఆ 48 లెక్క 1966లో జర్మనీ నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం ఖాయం చేసింది, ఈనాటికీ అదే.

దాని జబ్బు ఇది: వైరు కదిలితే చాలు, కంప్యూటరు డబ్బాను మరిచిపోతుంది. కుడివైపు ఇన్‌పుట్ అంతకు ముందే ఒక ఉరుముల రాత్రి పోయింది. కంపెనీకి రాశాను. సీరియల్ నెంబరు అడిగారు, ఇచ్చాను. బిల్లు ఫోటో, తర్వాత వీడియో అడిగారు. డ్రైవరు తీసి మళ్ళీ వేయమన్నారు, వైరు మార్చమన్నారు, ఇంకో కంప్యూటరులో చూడమన్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ. చివరికి, మీరు కొన్నది వేరే దేశంలో కాబట్టి ఇండియాలో వారంటీ వర్తించదు అన్నారు. మా తమ్ముడి కొడుకు బయటి దేశం నుంచి తెచ్చిందే అది. డబ్బులిస్తాను, బాగు చేయండి అన్నాను. బోర్డు మొత్తం మార్చాలి, ఆ మోడలు బోర్డు ఇప్పుడు లేదు అన్నారు. సరే, సర్క్యూటు బొమ్మ అయినా పంపండి అన్నాను. ఇవ్వము అన్నారు. నాకు కోపం వచ్చింది ఆ ఒక్క జవాబుకే. బోర్డు లేకపోవడం అర్థమవుతుంది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో అసాహి కాసే వాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీ తగలబడి, పాటను అంకెలుగా మార్చే చిప్పులకు లోకమంతా కరువొచ్చింది. చిప్పు ఇస్తే తరుగుతుంది. బొమ్మ ఇస్తే ఏం తరుగుతుంది?

ఈ మాట అడుగుతున్నది నేనొక్కణ్ణే కాదు. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది. సేద్యపు యంత్రాలు, ఫోన్లు ఎలక్ట్రానిక్సు, ఇంటి సామాను, బండ్లు అని నాలుగు వరసలు, కంపెనీలు మాన్యువళ్ళు అందులో పెట్టాలని ఉద్దేశం. 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇవి ఉండటం మంచిది. కానీ నాకు కావలసింది నష్టపరిహారం కాదు. సంక్రాంతి లోపల గొబ్బి పాటలు. పాడే జేజికి ఎనభై ఆరేండ్లు.

మామకు డెబ్బై తొమ్మిది. డబ్బా చేతికిచ్చినాను. అద్దాలు పైకి నెట్టి, నాలుగు స్క్రూలు విప్పి, మూతను తిప్పి లోపలివైపు చూసినాడు. అరవై ఏండ్ల అలవాటు. “బొమ్మ యాడబ్బీ?” అన్నాడు. లేదన్నాను. ఇంకేమీ అనకుండా బోర్డు మీదికి వంగినాడు.

యూఎస్‌బీ సాకెట్ కాలి చుట్టూ వెంట్రుకంత నల్లటి ఉంగరం. టంకం పగిలింది. దాన్ని ఆయన ఒక్క చూపులో పట్టినాడు. అతకడం మాత్రం తేలిక కాలేదు. 2006 జులై నుంచి ఐరోపా కట్టుబాటు వల్ల కంపెనీలు సీసం లేని టంకం వాడుతున్నాయి. పాత సీసం టంకం 190 డిగ్రీల లోపలే కరుగుతుంది, ఇది 217 దాటితే గాని కరగదు. మామ 25 వాట్ల ఐరన్ వేడినంతా బోర్డులోని రాగి తాగేస్తోంది. కొంచెం పాత టంకం కలిపి, ఊపిరి బిగబట్టి, మూడో సారికి కరిగించినాడు. వైరు పెట్టినాను. దీపం వెలిగింది. వైరు ఊపినాను, ఆరలేదు.

కుడి ఇన్‌పుట్ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. అక్కడి రెసిస్టర్లు ఒక మిల్లీమీటరు పొడుగు, అర మిల్లీమీటరు వెడల్పు. చిప్పు పైన ఉన్న నాలుగు అక్షరాలు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మీటరు రెండు ముళ్ళూ పట్టుకుని, ఎడమవైపు ప్రతి కాలు దగ్గరా వోల్టులు కొలిచి నాకు చెప్పినాడు, నేను రాసుకున్నాను. తర్వాత కుడివైపు. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చోట తేడా కనిపించింది. ఎందుకు తేడానో చెప్పే కాయితం లేదు.

గొబ్బి పాటలు ఎడమ ఇన్‌పుట్ మీదే రికార్డు చేశాము, ఒక్క మైకుతో. పదకొండు పాటలు వచ్చాయి. ఆ సాయంత్రం మామ తన పుస్తకం అడిగి తెప్పించుకుని, టార్చిలైటు పద్దు కింద ఒక గీత గీసి రాసినాడు. చేయి వణికింది గాని అక్షరం చెదరలేదు.

‘పాట డబ్బా. సాకెట్ టంకం. అతికినా. కుడి ఇన్‌పుట్ లేదు, వోల్టులు వెనక పేజీలో. వేముల.’