రాచపుండు, సరిహద్దు, బెంగళూరు దారి

అప్పటి అనంతపురం జిల్లాలోని సోమందేపల్లి చుట్టుపక్కల క్యాన్సర్ అనే ఒకే జబ్బుకు భాషకొక పేరు ఉండేది. మానకుండా పెరిగే పుండును తెలుగువారు రాచపుండు అన్నారు. మడకశిర వైపు చదివే కన్నడ రాతల్లో అది అర్బుదం. హిందూపురం, పెనుకొండ ముస్లిముల ఉర్దూలో సర్తాన్, అంటే ఎండ్రకాయ. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్లలా కనిపించడంతో ప్రాచీన గ్రీకు వైద్యులు పెట్టిన పేరే అరబ్బీ మీదుగా ఇక్కడిదాకా వచ్చింది. పేర్లు ఎన్ని ఉన్నా, వైద్యం మాత్రం చాలాకాలం ఊరికి దూరంగానే ఉండిపోయింది.

ఆ దూరాన్ని పెంచినవి మైళ్ల కన్నా ఎక్కువగా సరిహద్దులే. అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, అడయారు క్యాన్సర్ ఆసుపత్రి ఆ మరుసటి ఏడే మద్రాసులో మొదలైంది. 1955 నాటి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న హైదరాబాదు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే కనుక, 1973లో బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ సంస్థ ఏర్పడ్డాక ఈ ప్రాంత రోగులకు సహజమైన దారి అటే పడింది.

అయితే దారి దొరికినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదు. జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చికిత్స, అంటే కిరణాలతో గడ్డలోని కణాలను చంపే పద్ధతి, సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. ఒకరు గుంత మగ్గంలో కూర్చొని నేస్తుంటే మరొకరు కండెలు చుట్టే ఇక్కడి పట్టు నేతకారుల ఇంట్లో, ఒకరు పరాయి ఊళ్లో మంచం పట్టి రెండోవారు తోడు వెళ్తే మగ్గమే ఆగిపోతుంది. ఆకు, వక్కతో పాటు పొగాకును దవడన పెట్టుకునే అలవాటు నోటి క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో ఒకటి కావడంతో, పుండు నొప్పి పుట్టించేదాకా ఊరుకోవడం ఇక్కడ మరింత చేటు చేసింది.

ఇంకొక లోటును చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. 1982 నుంచి బెంగళూరులో నడుస్తున్న జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే కొత్త కేసుల నమోదు పట్టిక, తన పరిధిలో నివసించేవారినే లెక్కిస్తుంది. హిందూపురం రోగి అక్కడ చికిత్స పొందినా ఆ లెక్కలోకి రాడు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. క్యాన్సర్ చికిత్స ఖర్చును ప్రభుత్వం భరించడం పేదకు పెద్ద ఊరటే అయినా, బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రులకు ఆ పథకం విస్తృతంగా వర్తించింది 2019 నవంబరులోనే. అందరూ వెళ్లే ఊరిని పన్నెండేళ్ల తర్వాత గుర్తించడం పాలనలో జరిగిన ఆలస్యమే. 2022లో టాటా ట్రస్టుల సాయంతో తిరుపతిలో కొత్త క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. సోమందేపల్లి నుంచి అది బెంగళూరుకన్నా దాదాపు రెట్టింపు దూరం.