కానన్: కొలకర్ర నుంచి కామిక్స్ దాకా

గ్రీకులో 'కానోన్' అంటే కొలకర్ర. ఆ అర్థం నియమంగా మారి, చర్చి ప్రామాణికమని ఒప్పుకున్న గ్రంథాల జాబితాకు పేరైంది. 1911లో రచయిత రోనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథలను మతగ్రంథాల్లా తరచి చూస్తూ ఒక వ్యాసం చదివాడు. అలా ఆ మాట అభిమానుల లోకంలోకి వచ్చింది. కోనన్ డాయిల్ రాసిన 56 కథలు, 4 నవలలే వాళ్లకు కానన్.

ఆ మాటను గట్టిగా పరీక్షించినవి స్టార్ వార్స్ కామిక్స్. 2001లో డార్క్ హార్స్ ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన 'ఇన్ఫినిటీస్' వరుస సినిమాలోని ఒక్కో ఘటనను మార్చి చూస్తుంది: మొదటి కథలోనే నాయకుడు ల్యూక్ శత్రువుల భారీ యుద్ధకేంద్రం డెత్ స్టార్‌ను పేల్చలేకపోతాడు. రెండోదాంట్లో అతను హోత్ గ్రహం మంచులో చనిపోతే, అతని సోదరి లేయా జెడాయ్ యోధుల విద్య నేర్చుకుంటుంది. ఇన్ఫినిటీస్ ముద్ర పడిందంటే అసలు కథాక్రమానికి బయటిదని లెక్క. అయినా వాదన ఆగదు. మారింది ఒక్క ఘటనే అయితే, దానికి ముందు జరిగినదంతా సినిమాలో ఉన్నట్టే ఉండాలి కదా? ఉండాలనే నా అభిప్రాయం. ఆ నియమం తప్పితే 'ఇలా జరిగుంటే' అన్న ఊహకు బలమే లేదు.

2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ పాత నవలలు, కామిక్స్ అన్నిటినీ 'లెజెండ్స్' పేరుతో పక్కన పెట్టింది. ఏళ్ల తరబడి కానన్ అని నమ్మి చదివిన కథలు కూడా ఇన్ఫినిటీస్‌లాగే బయటివైపోయాయి. అభిమానులు మాత్రం వాటి లోపలి పొంతనను ఇప్పటికీ అంతే శ్రద్ధగా సరిచూస్తున్నారు.