రెండోసారి వూహాన్

(రికార్డుకెక్కిన ఘట్టాల మీద అల్లిన కథనం ఇది. ఒంగోలు కుర్రాడు, అతని అక్క, వాళ్ల మాటలు మాత్రం కల్పితం.)

మానేసర్‌లో బయల్దేరిన అంబులెన్సు ధౌలా కువాన్ ఫ్లైఓవర్ల దగ్గర నెమ్మదించింది. ఆపుకోవాలని చూసేకొద్దీ దగ్గు ఎక్కువవుతోంది కుర్రాడికి. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావురా?"

"ధౌలా కువాన్ అని బోర్డు కనబడిందక్కా."

"మా కాలేజీ అక్కడే కదరా! వచ్చేదా?"

"రానివ్వరక్కా. బేస్ ఆసుపత్రిలో విడిగా ఉంచుతారట."

తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీవెంకటేశ్వర కళాశాలలో అక్క డిగ్రీ చదువుతోంది. తమ్ముడు కూతవేటు దూరంలో వెళ్లిపోతున్నా చూసే వీల్లేదు.

అది 2020 ఫిబ్రవరి మొదటి వారం. కరోనా విజృంభించిన వూహాన్ నుంచి ఎయిరిండియా జంబో విమానం తొలి విడతగా 324 మందిని తెచ్చి 1వ తేదీ ఉదయం ఢిల్లీలో దించింది. వాళ్లలో 211 మంది విద్యార్థులు. రాష్ట్రాలవారీగా చూస్తే 56 మందితో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. 104 మందిని ఛావ్లాలోని ఐటీబీపీ శిబిరానికి, 220 మందిని మానేసర్ సైనిక శిబిరానికి పంపారు. జలుబు, దగ్గు ఉన్న కొందరిని ఢిల్లీ కంటోన్మెంటులోని బేస్ ఆసుపత్రికి మార్చారు.

ఒంటరి గదిలో అతనికి వూహాన్‌లో ఎంబీబీఎస్‌లో చేరిన తొలి రోజులు గుర్తుకొచ్చాయి. క్యాంటీన్ కూరల వాసనకే కడుపు నిండిపోయేది. ఆంధ్రా సీనియర్ల రైస్ కుక్కర్, అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి కాపాడాయి. తోపుడుబండి మీద కూరగాయలకూ ఫోన్‌తోనే డబ్బు కట్టాలి. వాట్సాప్ పనిచేయదు కాబట్టి ఒంగోల్లో అమ్మ ఫోన్లో వీచాట్ పెట్టించాడు. ఏడాది తిరిగేసరికి ఇవన్నీ అలవాటైపోయాయి.

కొరుకుడు పడనిది వార్డు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే, రోగులు మాత్రం వూహాన్ యాసలో మాట్లాడతారు. మూడో ఏట ఒక ముసలమ్మ అతని ఉచ్చారణకు పగలబడి నవ్వి, చెయ్యి పట్టుకుని నొప్పి ఎక్కడో చూపించింది. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి, "ఇక్కడ ఉండగలనమ్మా" అన్నాడు.

జనవరి 23 ఉదయం పది గంటలకు కోటీ పది లక్షల జనాభా ఉన్న ఆ నగరాన్ని మూసేశారు. సెలవులకు సగం ఖాళీ అయిన హాస్టల్లో మిగిలినవాళ్లు గదులు దాటలేదు. 31న విమానాశ్రయానికి బస్సెక్కేటప్పుడు పుస్తకాలు బల్ల మీదే వదిలేశాడు. నెలలో తిరిగొస్తాం కదా అనుకున్నాడు.

పరీక్షలో వైరస్ లేదని తేలింది. రెండు విడతల్లో మానేసర్ చేరిన 248 మందితో పాటు అతనూ ఫిబ్రవరి 18న ఇంటిదారి పట్టాడు.

అసలు కష్టం ఒంగోల్లో మొదలైంది. చైనా తలుపులు మూసుకుంది. బీజింగ్ టైము రెండున్నర గంటలు ముందు. ఇక్కడ తెల్లవారకముందే అక్కడి క్లాసు. జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో, కాలేజీ కబుర్లన్నీ వచ్చే వీచాట్ కూడా ఉంది. కేవలం ఆన్‌లైన్‌లో చదివిన వైద్యవిద్యను గుర్తించబోమని 2022 ఫిబ్రవరి 8న జాతీయ వైద్య కమిషన్ మరోసారి గుర్తుచేసింది. సర్జరీ పాఠం స్క్రీన్ మీద విన్నాడు. కుట్టు వేయడం మాత్రం రాలేదు.

"ఇంకేదైనా చూసుకోకూడదట్రా?" అన్నారు నాన్న.

"రోగిని చూడకుండా డాక్టరునని ఎట్లా చెప్పుకోను నాన్నా?"

2022 ఆగస్టు 24 నుంచి చైనా మళ్లీ విద్యార్థి వీసాలు ఇచ్చింది. అప్పు చేసి టికెట్ కొన్నారు. దిగాక హోటల్లో ఏడు రోజులు, గదిలో మూడు రోజులు ఏకాంతం. తర్వాత వార్డు. మూడేళ్లలో మాటలు తుప్పుపట్టాయి. నర్సులను అడిగి మళ్లీ నేర్చుకున్నాడు.

మొన్న అక్క ఫోన్ చేసింది, పక్కింటివాళ్ల అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్‌కి వెళ్తున్నాడని.

"వంట సీనియర్లు నేర్పుతారులే. చైనీస్ మాత్రం మొదటి ఏడు నుంచే పట్టుకోమను. చైనీస్ భాషా పరీక్ష హెచ్ఎస్‌కే నాలుగో స్థాయి గట్టెక్కడం కోసమే కాదు, రోగి చెప్పేది సగమే అర్థమైతే వైద్యమూ సగమే. అన్నిటికన్నా ముందు, ఫీజు కట్టేలోపే కనుక్కోమను... ఆ కాలేజీ విద్యార్థుల్ని ఏ ఆసుపత్రికి పంపుతుందో, ఏ ఏట పంపుతుందో."