మన జేబుల్లో మోగిన థామస్ డాల్బీ

2002 తర్వాత పాలీఫోనిక్ రింగ్‌టోన్ ఉన్న నోకియా ఫోన్ కొన్నారా? అయితే మీ జేబులో ఒక బ్రిటిష్ పాప్ గాయకుడు కొన్నేళ్ళు కాపురమున్నట్టే. ఈ సంగతి నాకు సంగీతం వల్ల కాదు, జావా వల్ల తెలిసింది.

ఆయన పేరు థామస్ డాల్బీ. అసలు పేరు థామస్ మోర్గన్ రాబర్ట్‌సన్, పుట్టింది 1958లో, లండన్‌లో. ఎప్పుడూ కీబోర్డులూ, టేపులూ ముందేసుకుని కూచుంటాడని స్నేహితులు డాల్బీ అని ఎగతాళి చేస్తే, దాన్నే స్టేజి పేరు చేసుకున్నాడు. డాల్బీ లేబొరేటరీస్ వాళ్ళు ఊరుకుంటారా, కేసేశారు. చివరికి 'థామస్' లేకుండా ఒట్టి 'డాల్బీ' వాడకూడదన్న ఒప్పందంతో రాజీ అయింది.

1982లో 'షి బ్లైండెడ్ మి విత్ సైన్స్' అనే సింగిల్ వచ్చింది. పాట రాయకముందే వీడియోకి కథ అల్లుకున్నాడట! బ్రిటిష్ టీవీలో సైన్సు చెప్పే మాగ్నస్ పైక్ అనే పెద్దాయన చేత మధ్యమధ్యలో "సైన్స్!" అని అరిపించాడు. సొంత దేశంలో 49వ స్థానం దాటలేదు గానీ, 1983లో అమెరికాలో 5వ స్థానం దాకా వెళ్ళింది. మళ్ళీ అంత పెద్ద హిట్టు రాలేదు. అందుకని అక్కడివాళ్ళు 'ఒక్క పాట వీరుడు' అని ముద్రేసి పక్కన పెట్టేశారు. ఈ ముద్ర నాకు నచ్చదు. ఎందుకో చెప్తాను.

1993లో ఆయన హెడ్‌స్పేస్ అని ఒక కంపెనీ పెట్టాడు. తర్వాత దాని పేరు బీట్‌నిక్ అయింది. వాళ్ళు చేసింది ఒక బుల్లి సాఫ్ట్‌వేర్ సింథసైజర్. దాన్ని సన్ వాళ్ళు జావాకి తీసుకున్నారు. పాత జేడీకేలో సౌండ్ ప్యాకేజీ స్టాక్ ట్రేసులు చూసినవాళ్ళకి 'హెడ్‌స్పేస్ మిక్సర్' అనే క్లాసు గుర్తుండే ఉంటుంది. ఆ పేరు డాల్బీ గారిదే. జావాని ఓపెన్ సోర్స్ చేసినప్పుడు ఈ ముక్కని మాత్రం ఇవ్వలేక, దాని స్థానంలో జెర్విల్ అనే కొత్త సింథసైజర్ పెట్టారు.

ఆ సింథసైజర్‌నే నోకియా కూడా లైసెన్సుకి తీసుకుంది. మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ వాయిద్యం, ఏ స్వరం, ఎంతసేపు అన్న సూచనలే ఉంటాయి, వంట పుస్తకంలాగా. వండేది ఫోన్లో ఉన్న ఇంజను. అందుకే నాలుగైదు కేబీల్లో పాటంతా పట్టేది.

మా పటాన్‌చెరు బస్టాండ్ చుట్టుపక్కల సెల్ షాపుల్లో సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు "అన్నా, కొత్త పాట ఎక్కియ్యవా" అని ఫోన్ చేతిలో పెట్టి నిలబడేవాళ్ళు. చాలామందిది 1100. దాంట్లో పాలీఫోనిక్ లేదు, పాపం టార్చితో సరిపెట్టుకునేవారు. మిగతావాళ్ళ ఫోన్లలో మాత్రం మణిశర్మ పాటని డాల్బీ ఇంజను వాయించేది. ఎలా వాయించేదంటారా? జనరల్ మిడిలో 128 వాయిద్యాలు. సితార్ ఉంది, షెహనాయ్ ఉంది. వీణ లేదు, నాదస్వరం లేదు, డప్పు అసలే లేదు. గొంతు పాడాల్సిన చోట ఏ ఫ్లూటో వచ్చేది, గమకాలు ఇస్త్రీ చేసినట్టు చదునైపోయేవి. అయినా పల్లవి రెండో స్వరానికే పాట తెలిసిపోయేది!

ఇంతకీ మన పాటని విని, స్వరం స్వరం మిడిలోకి ఎక్కించిందెవరు? ఏదో ఒక కీబోర్డు ప్లేయరే అయ్యుండాలి. ఆ ఫైళ్ళ మీద పేర్లుండేవి కావు. పాట కట్టినవాళ్ళ పరిస్థితీ గొప్పగా ఏం లేదు. సినిమా పాట హక్కులన్నీ నిర్మాతకో ఆడియో కంపెనీకో రాసిచ్చేయడమే మన దగ్గర ఆనవాయితీ. ఆ తర్వాత రింగ్‌టోన్ ఎన్ని లక్షల ఫోన్లలో మోగినా రాసినవాడికీ, బాణీ కట్టినవాడికీ అందులో వాటా అడిగే దారి దాదాపు లేదు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడాక, 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. హక్కులు రాసిచ్చేసినా సరే, సినిమా హాల్లో కాకుండా బయట ఎక్కడ వాడినా రాయల్టీలో కవికీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉండాలన్నారు. అప్పటికి పాలీఫోనిక్ పోయింది, జనం ఎంపీత్రీలకి వెళ్ళిపోయారు.

డాల్బీ ఆ అవతలి ఒడ్డున నిలబడ్డాడు. పాట హక్కుల కోసం ఎదురుచూడకుండా పాట మోగే యంత్రాన్నే లైసెన్సుకిచ్చాడు. నోకియా ఫోన్లో ఎవరి పాట మోగినా ఇంజను ఆయనదే. నిజం చెప్పాలంటే మనం రోజూ చేసే పని కూడా ఇలాంటిదే, కాకపోతే లైసెన్సు మీద పేరు మనది ఉండదు.

2009లో ఆ ఇంజను సోర్స్ కోడ్ బీఎస్‌డీ లైసెన్సుతో బయటికొచ్చింది. డాల్బీ 2014లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రొఫెసరయ్యాడు. అన్నట్టు, ఆ సింగిల్ తర్వాత చేరిన ఆయన మొదటి ఆల్బమ్ పేరు 'ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ వైర్‌లెస్'. 1982లో వైర్‌లెస్ అంటే రేడియో లెండి.