ది కన్వర్సేషన్

2011 మార్చిలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైన లాభాపేక్ష లేని వార్తా సంస్థ ఇది. ‘ది ఏజ్’ పత్రిక మాజీ సంపాదకుడు ఆండ్రూ జాస్పన్, జాక్ రెజ్ట్‌మన్ దీన్ని స్థాపించారు. విశ్వవిద్యాలయాల పరిశోధకులు రాస్తే పాత్రికేయులు దిద్దుతారు. మామూలు వార్తలో ఆచార్యుడు అరగంట వివరించినది చివరికి రెండు వాక్యాలవుతుంది. ఆ రెండూ ఏవో తేల్చేది విలేకరే. ఇక్కడ రచయిత ఆమోదం లేనిదే వ్యాసం వెలువడదు. ఈ తేడా చిన్నదేమీ కాదు: చెప్పిన మాటకు చెప్పినవారే జవాబుదారులవుతారు.

విశ్వవిద్యాలయాలు కూడా నిధులిచ్చే సంస్థ వాటి ప్రచారానికే పనికొస్తుందన్న అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ప్రతి వ్యాసంతోపాటు రచయిత ఎక్కడ పనిచేస్తున్నారో, ఎవరి నిధులు అందుకుంటున్నారో ప్రకటిస్తారు. దాంతో పక్షపాతం పోదు గానీ, దాన్ని తూచే రాయి పాఠకుడి చేతికొస్తుంది. తేలికగా రాస్తే శాస్త్రం పలచబడుతుందన్నది మరో విమర్శ. కానీ నిపుణులు మౌనంగా ఉంటే ఆ చోటు ఖాళీగా ఉండదు, ఏమీ తెలియనివారు ఆక్రమిస్తారు. వ్యాసాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇతర పత్రికలు ఉచితంగా పునర్ముద్రించుకోవచ్చు. ఫ్రెంచి, స్పానిష్, ఇండోనేషియా భాషల్లోనూ సంచికలున్నాయి.